హైదరాబాద్‌లో సొంత పనివాళ్ళకి అప్పు ఎక్కడ పుడుతుంది, ఎంతకి పడుతుంది

ఫిబ్రవరి రెండో వారం వచ్చిందంటే నాకు టెన్షన్ మొదలవుతుంది. మూసాపేటలో ఏసీ రిపేరు పని నాది. మార్చి నుంచి జూన్ దాకా ఊపిరాడని గిరాకీ, కానీ ఆ గిరాకీకి కావలసిన కాపర్ పైపు, గ్యాస్ సిలిండర్లు, కెపాసిటర్లు, ఇంకో హెల్పర్‌కి అడ్వాన్సు, ఇవన్నీ ఫిబ్రవరిలోనే సర్దుకోవాలి, అప్పటికి చేతిలో పైసలు చలికాలమే తినేసి ఉంటుంది. కొన్నేళ్ళ కింద సరిగ్గా అలాంటి టైములో వాక్యూమ్ పంపు కాలిపోయింది. గల్లీ చివర డైలీ ఫైనాన్స్ నడిపే ఆయన దగ్గర 10,000 తీసుకున్నాను, చేతికి 9,000 ఇచ్చాడు, రోజుకి 100 చొప్పున 100 రోజులు కట్టాలి. వెయ్యి రూపాయలే కదా పోయేది అనుకున్నాను.

ఆ వేసవిలోనే ఒక ఇంట్లో సర్వీసింగ్ చేస్తుంటే, బ్యాంకులో పనిచేసి రిటైరైన పెద్దాయన కాగితం మీద లెక్క వేసి చూపించారు. "నువ్వు మొదటి రోజు నుంచే తిరిగి కడుతున్నావు కదా బాబూ, వంద రోజులూ తొమ్మిది వేలు నీ దగ్గర ఉన్నట్టా?" అని అడిగారు. ఉన్నట్టు కాదు. సగటున అందులో సగమే నా చేతిలో ఉంది. ఆ లెక్కన ఏడాదికి దాదాపు 78 శాతం మిత్తి పడింది. పైగా మూడు నాలుగేళ్ళు పనిచేసే పంపుని వంద రోజుల అప్పుతో కొన్నాను, ఏప్రిల్‌లో చేతికొచ్చిన ప్రతి రూపాయీ ఆ వందకే పోయింది.

అప్పటి నుంచి అప్పు చేసే ముందు రెండే ప్రశ్నలు వేసుకుంటాను. ఈ డబ్బు తిరిగి నా చేతికి ఎప్పుడొస్తుంది? ఏడాది లెక్కన మిత్తి ఎంత? మిగతావన్నీ ఆ తర్వాతే. ప్లంబరైనా, టైలరైనా, కిరాణా షాపైనా, వెల్డింగ్ షెడ్డైనా వరస ఇదే.

ముందు, పైసలు దేనికో ఒక కాగితం మీద రాయండి

"ఒక రెండు లక్షలు కావాలి" అని మొదలుపెడితే ఎవడు ఏ అప్పు ఇస్తే అది తీసుకుంటాం. దేనికి ఎంతో విడదీయండి. మెషీన్లు, బండి, టూల్స్ లాంటివి ఏళ్ళ తరబడి సంపాదించి పెడతాయి, వాటికి మూడేళ్ళ నుంచి ఐదేళ్ళ కిస్తుల లోన్ సరిపోతుంది. సరుకు, సామాను అయితే రెండు మూడు నెలల్లో అమ్ముడై పైసలు తిరిగొస్తాయి, దానికి కిస్తుల లోన్ దండగ, తీసి వాడుకుని మళ్ళీ వేసేసే ఓవర్‌డ్రాఫ్టు కావాలి. మూడోది, పని చేసేశాం, బిల్లు ఇచ్చేశాం, పార్టీ ఇంకా పైసలు ఇవ్వలేదు. దీనికి అప్పు కంటే ముందు వసూలు గురించి ఆలోచించాలి, అది చివర్లో చెప్తాను.

పెళ్ళి ఖర్చో, ఇంటి అద్దె బాకీయో ఈ కాగితంలో కలపొద్దు. వ్యాపారం పేరుతో తెచ్చి ఇంట్లో ఖర్చు పెట్టిన అప్పుని తీర్చడానికి వ్యాపారం దగ్గర కొత్త ఆదాయం ఉండదు కదా.

మిత్తిని ఒకే కొలతలోకి మార్చుకోండి

మన దగ్గర ఒక్కొక్కరు ఒక్కో భాషలో మిత్తి చెప్తారు, మోసం సగం అక్కడే ఉంటుంది. రెండ్రూపాయల మిత్తి అంటే నెలకి నూటికి రెండు, ఏడాదికి 24 శాతం. మూడ్రూపాయలంటే 36 శాతం. ఇది సులువే. కష్టమల్లా ఫ్లాట్ రేటు దగ్గర. లక్ష రూపాయలు, రెండేళ్ళు, 12 శాతం ఫ్లాట్ అన్నారనుకోండి. మిత్తి 24,000, నెల కిస్తీ సుమారు 5,167. వినడానికి బ్యాంకు రేటులాగే ఉంటుంది. కానీ నెలనెలా అసలు తగ్గుతున్నా మిత్తి మాత్రం మొత్తం లక్ష మీదే వేస్తున్నారు. తగ్గే అసలు మీద లెక్కేస్తే అది ఏడాదికి సుమారు 21.5 శాతం. బండి ఫైనాన్సుల్లో ఈ ఫ్లాట్ మాట ఎక్కువ వినిపిస్తుంది.

ఈ లెక్కలు మీరు వేయక్కర్లేదు. 2024 అక్టోబర్ 1 నుంచి బ్యాంకులైనా, ఫైనాన్స్ కంపెనీలైనా చిన్న వ్యాపారుల లోన్లకి కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అనే కాగితం ఇచ్చి తీరాలని రిజర్వ్ బ్యాంకు పెట్టింది. ప్రాసెసింగ్ ఫీజు, ఇన్సూరెన్సు లాంటివన్నీ కలిపి ఏడాదికి ఎంత పడుతుందో అందులో ఏపీఆర్ అని ఒకే అంకెగా ఉంటుంది. రెండు చోట్ల అడిగి ఆ రెండు ఏపీఆర్‌లు పక్కపక్కన పెట్టి చూడండి. "సంతకం పెట్టండి, కాగితం తర్వాత మెయిల్‌కి వస్తుంది" అంటే అక్కడి నుంచి లేచి రండి.

కాగితాలు అప్పు కావలసినప్పుడు కాదు, ఆరు నెలల ముందే

నేను మొదటిసారి బ్యాంకుకి వెళ్ళినప్పుడు మేనేజరు స్టేట్‌మెంట్ తిప్పి చూసి, "నెలకి అరవై వేల పని చేస్తున్నానంటున్నారు, ఇందులో పదకొండు వేలే కనిపిస్తున్నాయి" అన్నారు. అబద్ధం చెప్పలేదు నేను. మిగతాదంతా నగదుగా వచ్చి నగదుగానే పోయింది. బ్యాంకుకి మన చేతి పని కనిపించదు, ఖాతాలో పడ్డదే కనిపిస్తుంది. కాబట్టి నేటి నుంచే ప్రతి గిరాకీని యూపీఐలో తీసుకోండి, నగదు వస్తే వారానికోసారైనా ఖాతాలో వేయండి, ఇంటి ఖాతా వేరు, పని ఖాతా వేరు పెట్టండి. ఆరు నెలలు ఇలా చేస్తే మీ గురించి మీరు చెప్పుకోవలసిన అవసరం సగం తగ్గుతుంది.

తర్వాత ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారంగా సర్కారు దగ్గర పేరు నమోదు. ఆధార్, పాన్ ఉంటే సర్కారు పోర్టల్‌లో పావుగంట పని, ఒక్క పైసా కట్టక్కర్లేదు. అచ్చం అలాగే కనిపించే ప్రైవేటు వెబ్‌సైట్లు రెండు మూడు వేలు అడుగుతాయి, అడ్రసు చివర జీఓవీ డాట్ ఇన్ ఉందో లేదో చూసుకోండి. పాన్, జీఎస్టీ లేని చాలా చిన్న పనివాళ్ళ కోసం ఉద్యమ్ అసిస్ట్ అని ఉంది, అది బ్యాంకు ద్వారా చేయించుకోవచ్చు.

ఐటీ రిటర్న్ అంటే చాలామంది భయపడతారు. చిన్న వ్యాపారులకి ప్రిజంప్టివ్ పద్ధతి ఉంది, పెద్ద పద్దు పుస్తకాలు రాయనక్కర్లేకుండా టర్నోవర్‌లో 8 శాతం, డిజిటల్‌గా వచ్చిన దాని మీదైతే 6 శాతం లాభంగా చూపించొచ్చు. పన్ను పడకపోయినా రిటర్న్ వేయండి, అయిదు లక్షల పైన లోన్ అడిగితే దాదాపు ప్రతి చోటా రెండేళ్ళ రిటర్న్‌లు అడుగుతారు. షాపు ఉంటే మున్సిపల్ ట్రేడ్ లైసెన్సు, అద్దె అగ్రిమెంటు కూడా ఫైల్లో పెట్టండి. షాపు లేకుండా తిరిగి పనిచేసేవాళ్ళు రెగ్యులర్ పార్టీల ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందం) కాగితాలు, పని ఆర్డర్లు పెట్టొచ్చు, నాకు అవే పనికొచ్చాయి.

ఇక సిబిల్, అంటే పాత అప్పులు ఎలా కట్టామో బ్యాంకులకి చెప్పే రిపోర్టు. నాకు ఒక ఫోను కిస్తీ దెబ్బ కొట్టింది. ఎప్పుడో ఫోను పాడైందని చివరి కిస్తీ ఎగ్గొట్టాను, 1,800 రూపాయలు. నాలుగేళ్ళ తర్వాత లోన్ రిజెక్ట్ అయితే తెలిసింది అది అక్కడే కూర్చుని ఉందని. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, హైమార్క్, ఈ నాలుగు కంపెనీలూ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. మూడు నెలలకి ఒకటి చొప్పున తీసి చూసుకుంటే ఏడాదంతా కాపలా ఉన్నట్టే. పాత బాకీ ఉంటే మొత్తం కట్టి నో డ్యూ సర్టిఫికెట్ తీసుకోండి, "సెటిల్‌మెంట్ చేద్దాం, సగం కట్టండి చాలు" అంటే సంబరపడొద్దు, రిపోర్టులో సెటిల్డ్ అని పడుతుంది, దాన్ని బ్యాంకులు ఇష్టపడవు. మీది కాని అప్పు కనిపిస్తే కంప్లైంట్ పెట్టండి, 30 రోజుల్లో సరిచేయకపోతే ఆ తర్వాత రోజుకి 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని రూలు.

ఇప్పుడు, ఎవరిని అడగాలి

మొదట ముద్ర. 2015 ఏప్రిల్‌లో మొదలైన ఈ పథకంలో 50,000 దాకా శిశు, అక్కడి నుంచి 5 లక్షల దాకా కిశోర్, 10 లక్షల దాకా తరుణ్. తరుణ్ తీసుకుని సరిగ్గా తీర్చినవాళ్ళకి 20 లక్షల దాకా తరుణ్ ప్లస్. తాకట్టు అడగరు. ఒక అపోహ మాత్రం తీసేయండి, ఇది సబ్సిడీ కాదు, మాఫీ అయ్యేదీ కాదు, మామూలు బ్యాంకు లోనే, గ్యారంటీ వైపు మాత్రం సర్కారు నిలబడుతుంది. రేటు బ్యాంకుని బట్టి మారుతుంది. ఉదాహరణకి 2 లక్షలు 11 శాతానికి మూడేళ్ళకి తీసుకుంటే కిస్తీ సుమారు 6,550, మొత్తం మిత్తి 36,000 లోపే. నా డైలీ ఫైనాన్స్ పక్కన పెట్టి చూడండి దీన్ని.

ముద్రకి వెళ్ళేటప్పుడు మీ ఖాతా ఉన్న బ్రాంచికే ముందు వెళ్ళండి, ఆరు నెలల స్టేట్‌మెంట్ వాళ్ళ దగ్గరే ఉంటుంది కాబట్టి. రాణిగంజ్‌లోనో, ట్రూప్ బజార్‌లోనో మీరు కొనబోయే మెషీనుకి జీఎస్టీ నంబరున్న కొటేషన్ రాయించుకుని పట్టుకెళ్ళండి. చాలా బ్రాంచీలు మెషీను డబ్బు నేరుగా ఆ షాపు ఖాతాకే వేస్తాయి, కాబట్టి కొటేషన్ ఎక్కువ రాయించి మిగిలింది జేబులో వేసుకుందాం అనే ఐడియా మానుకోండి. నెలకి ఎంత పని, ఎంత ఖర్చు, కిస్తీ పోను ఎంత మిగులుతుంది, ఇది ఒకే పేజీలో రాసుకెళ్ళండి, తెలుగులో రాసినా పర్లేదు. నెల మొదటి వారం, మార్చి చివరి వారం వెళ్ళొద్దు, కౌంటరు దగ్గర నిలబడి మాట్లాడేంత ఓపిక ఎవరికీ ఉండదు. బ్రాంచికి తిరగలేకపోతే జన్‌సమర్థ్ పోర్టల్‌లో ఆన్‌లైన్‌గా అప్లై చేయొచ్చు. ముద్రకి ఏజెంట్లు లేరు. "మీ ముద్ర లోన్ శాంక్షన్ అయింది, ఫీజు కట్టండి" అని వాట్సాప్‌లో లెటరు వస్తే అది దొంగ లెటరే.

బ్రాంచిలో ఇంటి కాగితాలు తెమ్మంటే మర్యాదగా గుర్తు చేయండి, చిన్న వ్యాపారాలకి కనీసం 10 లక్షల దాకా తాకట్టు అడగొద్దని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. రిజెక్ట్ చేస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. బ్యాంకుకి కంప్లైంట్ ఇచ్చి 30 రోజులైనా జవాబు రాకపోతే ఫిర్యాదులు చూసే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి పెట్టొచ్చు, ఎలాగో తెలియకపోతే 14448కి ఫోన్ చేయండి. కాకపోతే లోన్ ఇవ్వాలా వద్దా అనేది చివరికి బ్యాంకు ఇష్టమే. అందుకే నేను గొడవ పడే ముందు ఇంకో రెండు బ్రాంచీలు తిరుగుతాను. ఒక బ్రాంచిలో కుదరనిది పక్క వీధి బ్రాంచిలో కుదిరింది నాకు.

తోపుడు బండి, ఫుట్‌పాత్ వ్యాపారం వాళ్ళకి పీఎం స్వనిధి. 2020లో కరోనా టైములో వచ్చింది, 2025లో మొత్తాలు పెంచారు: మొదట 15,000, అది తీరిస్తే 25,000, అదీ తీరిస్తే 50,000. టైముకి కడితే 7 శాతం మిత్తి సబ్సిడీ వస్తుంది. మున్సిపాలిటీ ఇచ్చిన వెండింగ్ కార్డు కావాలి, అది లేకపోతే సిఫారసు లెటరు. మీ మిర్చి బజ్జీల బండికి ఇంతకన్నా చవక అప్పు ఎక్కడా పుట్టదు.

పీఎం విశ్వకర్మ 18 చేతివృత్తులకి. వడ్రంగి, కమ్మరి, కంసాలి, కుమ్మరి, తాపీ మేస్త్రీ, మంగలి, చాకలి, దర్జీ, చెప్పులు కుట్టేవాళ్ళు, తాళాలు చేసేవాళ్ళు, పూల దండలు కట్టేవాళ్ళు, ఇలా. మొదట లక్ష, తర్వాత 2 లక్షలు, 5 శాతం మిత్తికి, పైగా టూల్స్ కోసం 15,000 వోచరు, ట్రైనింగ్ రోజులకి 500 చొప్పున భత్యం. ఇంటికి ఒకరికే. ఏసీ మెకానిక్, ఎలక్ట్రీషియన్, ప్లంబర్ ఈ లిస్టులో లేరు, మాకు ఎందుకు లేదో నాకిప్పటికీ అర్థం కాదు, చేత్తో చేసేదే కదా మేమూ. ఇంకొకటి, గత ఐదేళ్ళలో ముద్ర, స్వనిధి లోన్లు తీసుకుని ఉంటే, అవి పూర్తిగా తీర్చాకే దీనికి అర్హులు, కాబట్టి మీ ఇంట్లో దర్జీ ఉంటే ముందు విశ్వకర్మ చూసి తర్వాత ముద్ర చూడండి, తిరగేసి చేయొద్దు.

కొత్తగా యూనిట్ పెట్టేవాళ్ళకి పీఎంఈజీపీ అనే కేంద్ర పథకం. దీంట్లో నిజంగానే సబ్సిడీ ఉంది, పట్నంలో జనరల్ వాళ్ళకి ప్రాజెక్టులో 15 శాతం, మహిళలు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకి 25 శాతం. కానీ అది చేతికి రాదు, మూడేళ్ళు బ్యాంకులో డిపాజిట్‌గా ఉండి తర్వాత అప్పులో సర్దుబాటవుతుంది. నడుస్తున్న షాపుకి ఈ కొత్త యూనిట్ సబ్సిడీ వర్తించదు. పేపర్ పని ఎక్కువ, ఓపికున్నవాళ్ళకే. బాలానగర్‌లో ఎంఎస్ఎంఈ (చిన్న పరిశ్రమల) ఆఫీసు, యూసుఫ్‌గూడలో నిమ్స్‌మే సంస్థ ఉన్నాయి, ప్రాజెక్టు రిపోర్టు ఎలా ఉండాలో అలాంటి చోట అడిగి తెలుసుకుంటే కన్సల్టెంటు అడిగే పైసలు మిగులుతాయి.

సీజను సామానుకి ఓవర్‌డ్రాఫ్టు

నాకు అన్నిటికంటే అక్కరకొచ్చింది ఇదే, ఎవరూ దీని గురించి మాట్లాడరు. బ్యాంకు ఒక లిమిట్ పెడుతుంది, అందులో వాడుకున్నదానికి, వాడుకున్న రోజులకే మిత్తి. 2 లక్షల లిమిట్‌లో లక్ష తీసి మూడు నెలలు వాడితే, 11 శాతం లెక్కన 2,750 పడుతుంది. జూన్‌లో వేసేస్తే జూలై నుంచి మిత్తి సున్నా. లిమిట్ ఎంత వస్తుందంటే, చిన్న వ్యాపారాలకి వచ్చే ఏడాది అంచనా టర్నోవర్‌లో కనీసం 20 శాతం అనే లెక్క బ్యాంకుల్లో పాత కాలం నుంచీ ఉంది. 12 లక్షల టర్నోవర్ అయితే 2.4 లక్షలు. ముద్ర కిందే దీన్ని అడగొచ్చు, "టర్మ్ లోన్ (కిస్తుల లోన్) కాదు, క్యాష్ క్రెడిట్ (ఇలా లిమిట్ పెట్టే అప్పు) కావాలి" అని నోరు తెరిచి అడగాలి, వాళ్ళంతట వాళ్ళు చెప్పరు. ఏడాదికోసారి రెన్యూవల్ మర్చిపోవద్దు.

బంగారం, చిట్టీ

బంగారం కుదువపెట్టడం మనవాళ్ళకి నామోషీ. నన్నడిగితే రెండు మూడు నెలల అవసరానికి, కాగితాలు లేనివాళ్ళకి, బ్యాంకు బంగారు లోన్ కన్నా వేగంగా దొరికేది లేదు. రాళ్ళు, మజూరీ లెక్కలోకి రావు, ఉత్త బంగారానికే విలువ కడతారు. తీర్చాక ఏడు పనిదినాల్లో నగ ఇవ్వకపోతే రోజుకి 5,000 పరిహారం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు కొత్త రూలు పెట్టింది. గల్లీలో సేటు దగ్గర పెడితే ఇవేవీ వర్తించవు, చీటీ ముక్క తప్ప చేతిలో ఏమీ ఉండదు. గడువు తేదీ ఫోన్లో అలారం పెట్టుకోండి, వేలం నోటీసు పాత అడ్రసుకి వెళ్ళి నగ పోగొట్టుకున్నవాళ్ళని చూశాను.

చిట్టీ సంగతి వేరు. 5 లక్షల చిట్టీ, 25 నెలలు, నెలకి 20,000 అనుకోండి. మీరు లక్ష తగ్గించి పాడితే 4 లక్షలు చేతికొస్తాయి. ఆ లక్షలో కంపెనీ కమిషను, చిట్టీ మొత్తం మీద 5 శాతం అయితే, 25,000 పోగా, మిగతా 75,000 అందరికీ తలా 3,000 పంచుతారు. బాగానే ఉంటుంది, కానీ అర్జంటు ఉన్నవాళ్ళు మొదటి నెలల్లో ఎక్కువ తగ్గించి పాడతారు, అక్కడే మిత్తి మండుతుంది. పాడాక షూరిటీలు కావాలి, గవర్నమెంటు ఉద్యోగిని తెమ్మంటారు, అది ముందే కనుక్కోండి. చిట్ ఫండ్స్ చట్టం కింద రిజిస్టరైన గ్రూపేనా అని రిజిస్ట్రేషన్ నంబరు అడిగి చూడండి. అపార్ట్‌మెంటులో, గల్లీలో అక్కలు నడిపే చిట్టీల్లో మంచివి ఉన్నాయి, రాత్రికి రాత్రి మాయమైనవీ ఉన్నాయి, నేనైతే పోయినా తట్టుకోగలిగినంతే వేస్తాను.

లోన్ యాప్‌ల గురించి ఎక్కువ చెప్పను. 2020 చివర్లో మన హైదరాబాద్‌లోనే ఆ వేధింపులకి ప్రాణాలు పోయాయి, పోలీసులు అరెస్టులు చేశారు. వెనక ఏ బ్యాంకు, ఏ ఫైనాన్స్ కంపెనీ ఉందో పేరు చెప్పని యాప్‌ని, కాంటాక్టులు, ఫోటోలు అడిగే యాప్‌ని ముట్టుకోవద్దు. ఇప్పటికే ఇరుక్కుని ఉంటే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. మన క్యూఆర్ కోడ్ కంపెనీలు రోజువారీ కోతతో ఇచ్చే లోన్లు చట్టబద్ధమే, ఏపీఆర్ మాత్రం చూడండి, రోజుకి ఇంత అని చెప్తే చిన్నగానే అనిపిస్తుంది, నాకూ ఒకప్పుడు వంద అలాగే అనిపించింది.

అప్పు తేకముందు, రావలసింది

చాలాసార్లు మనకి కావలసిన లక్ష ఎవడి దగ్గరో ఇరుక్కునే ఉంటుంది. ఉద్యమ్ ఉన్న చిన్న పరిశ్రమలకి, సర్వీసు పనివాళ్ళకి చట్టం ఒక ఆయుధం ఇచ్చింది. రాసుకున్న ఒప్పందం ఉన్నా పార్టీ పైసలివ్వడం 45 రోజులు దాటకూడదు, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో ఇవ్వాలి. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకి మూడు రెట్లు చక్రవడ్డీ. ఎంఎస్ఎంఈ శాఖ ఆన్‌లైన్ పోర్టల్‌లో కేసు పెట్టొచ్చు. నిజం చెప్పాలంటే కేసు పెడితే ఆ పార్టీ మళ్ళీ పిలవడు, నేను ఒక్కసారి కూడా పెట్టలేదు. కానీ బిల్లు మీద ఉద్యమ్ నంబరు, కింద "45 రోజుల గడువు" అని ఒక లైను ప్రింట్ చేయించాను. ఆఫీసుల అకౌంట్స్ వాళ్ళకి ఆ లైను అర్థమవుతుంది, ఎందుకంటే గడువు లోపల కట్టకపోతే ఆ ఖర్చుని ఆ ఏడాది ఇన్‌కమ్ టాక్సులో చూపించుకోవడం వాళ్ళకి కష్టం. రెండు కంపెనీలు అప్పటి నుంచి నెలలోపే వేస్తున్నాయి.

ఇళ్ళల్లో పనికైతే సామాను పైసలు ముందే తీసుకోండి, మొహమాటపడొద్దు. సామాను షాపులో ఉద్దెర దొరుకుతుంది కదా అని సంబరపడే ముందు, "నగదిస్తే ఎంత తగ్గిస్తావన్నా?" అని అడగండి. నెల ఉద్దెరకి 3 శాతం తేడా చెప్తే అది మూడ్రూపాయల మిత్తే, ఓవర్‌డ్రాఫ్టులోంచి తీసి నగదు కట్టడం మేలు.

ఒక చిన్న విషయం. లోన్ శాంక్షన్ అయ్యాక కిస్తీ తేదీ ఏది కావాలని అడుగుతారు, అడగకపోతే మీరే అడగండి. నేను తెలియక 5వ తేదీకి ఒప్పుకున్నాను, నాకు అపార్ట్‌మెంటు ఏఎంసీ పైసలు పడేది 8, 9 తేదీల్లో. రెండు నెలలు వరసగా బౌన్స్ ఛార్జీలు కట్టి, బ్రాంచికి వెళ్ళి దరఖాస్తు రాసిచ్చి 12కి మార్పించుకున్నాను.